బరంపురం–విశాఖ లారీ కిరాయి: ఒకే రోడ్డు, రెండు రేట్లు

విశాఖ గొడౌనులో 17 టన్నుల సరుకు ఎక్కించి బరంపురంలో దింపడానికి లారీవాళ్లు అడిగే కిరాయి ఒకటి. అదే లారీ, అంతే బరువుతో, అదే రోడ్డు మీద బరంపురం నుంచి విశాఖ రావడానికి ఒప్పుకునేది ఇంకొకటి. కొన్ని వారాల్లో రెండో అంకె మొదటిదానిలో సగం కూడా ఉండదు. సరిహద్దు జిల్లాల్లో వ్యాపారం చేసే తెలుగువాళ్లలో చాలామంది దీన్ని బ్రోకర్ల మాయగా కొట్టిపారేస్తారు. బ్రోకరు కమీషను ఉన్న మాట నిజమే గానీ ఇంత తేడా కమీషనుతో రాదు. ఈ దారిలో కిలోమీటర్ల లెక్క తర్వాతి సంగతి. సరుకు దించిన చోట లారీకి మళ్లీ లోడు దొరుకుతుందా లేదా అన్నదే కిరాయిని తేలుస్తుంది. సరిహద్దు, పర్మిట్లు, ఘాట్ రోడ్డు, తుపాన్లు, ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ జీఎస్టీ కాగితం) చాలావరకు ఆ లెక్కలోకే వచ్చి చేరతాయి.

ఒడిశా దక్షిణ జిల్లాలకు ఆంధ్రతో ఉన్న వర్తకం సరిహద్దు గీత కంటే పాతది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం బజార్లలో ఈనాటికీ తెలుగులో బేరాలు సాగుతున్నాయి. బరంపురాన్ని పక్కన పెడితే మిగతా ఊళ్లకు భువనేశ్వర్ కంటే విశాఖే దగ్గర. అందుకే సిమెంటు, ఇనుము, ఎరువులు, వంటనూనె, మందులు, కిరాణా సరుకులు చాలావరకు దక్షిణం నుంచే ఎక్కుతాయి. రైలు మార్గం ఉన్నా అది వ్యాగన్ల కొద్దీ బొగ్గు, ఖనిజం, ధాన్యం పంపేవాళ్లకే పనికొస్తుంది. 15, 20 టన్నులు పంపే వ్యాపారికి లారీయే దిక్కు.

దారులు ముఖ్యంగా రెండు. బరంపురం నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, శ్రీకాకుళం మీదుగా విశాఖ చేరడం మొదటిది. దూరం సుమారు 270 కిలోమీటర్లు. రెండోది జయపురం, కోరాపుట్, సుంకి ఘాట్, సాలూరు, విజయనగరం మీదుగా వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి. దీని పాత నంబరైన 43 అంటే పాత డ్రైవర్లకు ఇప్పటికీ ఇదే గుర్తొస్తుంది. జయపురం నుంచి విశాఖకు ఈ దారిలో సుమారు 220 కిలోమీటర్లే. దూరం తక్కువైనా కిరాయి మాత్రం తక్కువ కాదు. ఆ సంగతి తర్వాత.

రానుపోను లెక్క

తేడా ఎక్కడ పుడుతుందో చూడాలంటే ఒక పది టైర్ల లారీ లెక్క వేసుకుంటే చాలు. ఇక్కడి అంకెలు ఉదాహరణ కోసం పెట్టుకున్నవి. ఎవరి బండిని బట్టి వాళ్లు మార్చుకోవచ్చు. లోడుతో లీటరుకు 4 కిలోమీటర్లు, ఖాళీగా ఐదున్నర వస్తుందనుకుందాం. డీజిల్ లీటరు 95 రూపాయలు. అంటే 270 కిలోమీటర్లకు లోడుతో దాదాపు 6,500 రూపాయల డీజిల్, ఖాళీగా 4,650. లోడుతో వెళ్లేటప్పుడు టోలు, డ్రైవరు బత్తా, పట్టా (టార్పాలిన్) కట్టే కూలి, దారి ఖర్చులు కలిపి 4,000. ఖాళీగా వచ్చేటప్పుడు ఇవే 2,500. ఇక ఫైనాన్సు వాయిదా, ఇన్సూరెన్సు, జీతం కలిపి బండి కదిలినా కదలకపోయినా రోజుకు 3,500 పడుతుంది. లోడుతో ఒక వైపు ప్రయాణానికి ఎక్కించడం, దించడం కలుపుకుని 2 రోజులు. ఖాళీగా తిరిగి రావడానికి 1 రోజు.

లోడుతో ఒక వైపు ఖర్చు 17,500 తేలుతుంది. ఖాళీగా తిరిగి వస్తే ఇంకో 10,650. తిరుగు లోడు దొరకదని తెలిసిన యజమాని ఈ 28,150 మొత్తాన్నీ వెళ్లేటప్పుడే రాబట్టుకోవాలి. 17 టన్నుల మీద పంచితే టన్నుకు 1,655 రూపాయలు. రెండు వైపులా ఖాయంగా లోడు ఉంటే టన్నుకు 1,030 దగ్గర గిట్టుబాటు అవుతుంది. లాభం ఇంకా కలపనే లేదు.

అసలు విషయం తిరుగు ప్రయాణంలో ఉంది. బరంపురంలో సరుకు దించిన లారీ ఎలాగూ ఇంటికి రావాలి. ఖాళీగా వచ్చినా 10,650 పోతుంది. లోడుతో వస్తే అదనంగా అయ్యే ఖర్చు 6,850 మాత్రమే, అంటే టన్నుకు 400 చిల్లర. వెళ్లేటప్పుడే పూర్తి రేటు వసూలు చేసుకున్న లారీకి ఆ 400 పైన ఎంత వచ్చినా లాభమే. అందుకే బరంపురంలో పాత ఇనుమో చీపుర్లో పంపే వ్యాపారికి విశాఖ లారీ చవగ్గా దొరుకుతుంది. విశాఖ నుంచి సరుకు తెప్పించుకునేవాడు ఆ చవకకు ముందే డబ్బు కట్టేసి ఉంటాడు.

ఇందులో ఇంకో మెలిక. తిరుగు లోడు కోసం బరంపురంలో ఒక రోజు ఎక్కువ ఆగితే 3,500 పోతుంది, అంటే టన్నుకు 200 పైన. రెండు రోజులు ఆగాక 400 కాదు, 800 వస్తేనే కాళ్లు కదులుతాయి. మూడో రోజు వరకు ఎవరూ ఆగరు. ఉదయం 10 గంటలకు ఫోన్ చేసిన వ్యాపారికి ఒక రేటు, అన్‌లోడు అయిపోయి సాయంత్రం బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న బండికి ఫోన్ చేస్తే ఇంకో రేటు రావడం వెనక ఉన్నది ఈ గడియారమే. బేరం తెలిసిన వ్యాపారులు సరుకు ముందే కట్టి, కాటా వేయించి, బిల్లు రాసి ఉంచుకుంటారు. రెండు గంటల్లో లోడు చేసి పంపగలిగితే టన్నుకు వంద తగ్గించుకోవడం కష్టం కాదు. సరుకు రేపు వస్తుందనేవాళ్లకు ఆ వంద తగ్గదు.

డీజిల్ విషయంలోనూ ఒక చిన్న దిశాభేదం ఉంది. కొన్నేళ్లుగా ఆంధ్రలో డీజిల్ ఒడిశా కంటే లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువ. కాబట్టి అటు వెళ్లే బండ్లు ఒడిశా గడ్డ మీద ట్యాంకు నింపుకుని ఇటు బయల్దేరతాయి. కిరాయి అడిగేటప్పుడు మాత్రం ఆంధ్ర ధర చెప్పి బేరమాడడం మామూలే.

ఏ రాష్ట్రం నంబరు ప్లేటు?

రేట్ల చర్చల్లో ఎక్కువమంది పట్టించుకోనిది బండి రిజిస్ట్రేషను. నేషనల్ పర్మిట్ ఉన్న లారీ దేశంలో ఎక్కడికైనా వెళ్లవచ్చు. కానీ తన సొంత రాష్ట్రం కాని చోట, ఆ రాష్ట్రంలోనే ఒక ఊళ్లో ఎక్కించుకుని అదే రాష్ట్రంలోని మరో ఊళ్లో దించకూడదని కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతాయి. ఇప్పుడు మ్యాపు చూడండి. బరంపురం నుంచి ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు. అక్కడి నుంచి విశాఖ వరకు మిగిలినదంతా ఆంధ్ర.

అంటే ఏపీ నంబరు లారీకి ఈ దారి పొడుగునా అవకాశాలే. బరంపురంలో సరుకు దించి ఖాళీగా వస్తున్నా ఇచ్ఛాపురంలోనో పలాసలోనో శ్రీకాకుళంలోనో విశాఖకు లోడు పట్టవచ్చు. ఉద్దానం కొబ్బరి, పలాస జీడిపప్పు లాంటివి దారిలోనే ఉన్నాయి. ఓడి 07 నంబరు, అంటే ఒడిశాలోని గంజాం లారీకి ఆ వెసులుబాటు లేదు. అది బరంపురం సరుకు శ్రీకాకుళంలో దించాక, శ్రీకాకుళం నుంచి విశాఖకు లోడు పట్టడం నిబంధనకు విరుద్ధం. విశాఖ దాకా ఖాళీగా వెళ్లి అక్కడ ఒడిశాకు లోడు వెతుక్కోవాలి, లేదా ఖాళీగా వెనక్కి తిరగాలి. అందుకే గంజాం లారీ యజమానులు మధ్య ఊళ్లకు వెళ్లడానికి అంత ఇష్టపడరు, వెళ్లినా ఎక్కువ అడుగుతారు. విశాఖకో విజయవాడకో నేరుగా అయితే సై అంటారు. శ్రీకాకుళానికి, నరసన్నపేటకు పంపేవాళ్లు ఏపీ బండి కోసం ఒక పూట ఆగడం మంచి పని.

జయపురం దారిలో పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ దారిలో ఒక పెద్ద భాగం ఒడిశాలోనే ఉంది కాబట్టి కోరాపుట్ బండ్లకు తమ రాష్ట్రంలోనే తిప్పుకునే లోడ్లు ఉంటాయి.

సీజను, తుపాను

తిరుగు లోడు ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. ఒడిశా నుంచి ఇటు వచ్చేది ఎక్కువగా పంట సరుకు, అటవీ సరుకు. నబరంగపూర్ మొక్కజొన్న ఖరీఫ్ కోతలు మొదలవగానే ఆంధ్ర కోళ్ల దాణా వైపు కదులుతుంది. వేసవి ముందు చింతపండు, వేసవిలో జీడిగింజలు. రాయగడ, గుణుపురం వైపు పత్తి చలికాలపు సరుకు. ఈ నెలల్లో కొండ ఊళ్లలో లారీ కోసం వ్యాపారులు పోటీ పడతారు, రేటు ఇటువైపు పెరుగుతుంది. అప్పుడు విశాఖ నుంచి జయపురానికి సరుకు పంపేవాళ్లకు కిరాయి కాస్త తగ్గుతుంది. అక్కడ లోడు ఖాయం అని తెలిసిన లారీ అటు వెళ్లడానికి తొందరపడుతుంది మరి. ఏటా జూలై, ఆగస్టుల్లో ఇది పూర్తిగా ఉల్టా అవుతుంది. కొండల్లో సరుకు ఉండదు, ఘాట్‌లో వాన, విశాఖ వైపు నుంచి ఎరువుల లోడ్లు మాత్రం ఆగవు.

అక్టోబరు సంగతి వేరే. దసరా, దీపావళి సరుకు ఒకేసారి ఉత్తరానికి కదిలే నెల అది. తుపానుల నెల కూడా అదే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటాయి. ఐదేళ్లలో మూడుసార్లు, మూడూ ఈ 270 కిలోమీటర్ల రోడ్డు పక్కనే. తిత్లీ తర్వాత ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి చెట్టు తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆ దెబ్బ లారీలకు లోడు తగ్గడం రూపంలో కూడా చాలాకాలం కనిపించింది. అక్టోబరులో పెద్ద స్టాకు ఒకే లారీలో, ఒకే తేదీకి రావాలని పెట్టుకోవడం ఈ దారిలో తెలివైన పని కాదు. సెప్టెంబరు చివరికే సగం తెప్పించుకుంటే రేటు కూడా కలిసొస్తుంది.

ఘాట్ దారి ఎందుకు ఖరీదు?

సుంకి దగ్గర కొండ దిగితే సాలూరు. ఎక్కేటప్పుడు లోడు లారీకి మైలేజీ మూడు కిలోమీటర్లకు పడిపోవచ్చు. దిగేటప్పుడు డీజిల్ మిగిలినా బ్రేకులు, టైర్లు ఆ మిగులును తినేస్తాయి. మలుపుల్లో పొడుగాటి ట్రైలర్లు ఇబ్బంది పడతాయి కాబట్టి ఆరు, పది టైర్ల బండ్లే ఎక్కువ. పెద్ద బండి టన్ను ఖర్చు తక్కువ, చిన్న బండిది ఎక్కువ. దూరం 50 కిలోమీటర్లు తక్కువైనా జయపురం కిరాయి బరంపురం కంటే తగ్గకపోవడానికి ఇవన్నీ కలిసిన కారణాలు. ఒక బండి ఘాట్‌లో ఆగిపోతే వెనక వరస కడుతుంది. ఆ పూట పోయినట్టే.

ఈ దారికి ఆయువుపట్టు సాలూరు. పార్వతీపురం మన్యం జిల్లాలోని ఈ చిన్న పట్నం బతుకుతెరువే లారీ. యజమానులు, డ్రైవర్లు, బాడీ కట్టే షెడ్లు, టైర్ల షాపులు, మెకానిక్‌లు అన్నీ అక్కడే. రాయపూర్ నుంచి విశాఖ పోర్టు దాకా సాగే రవాణాకు మధ్యలో నిలబడి పెరిగిన ఊరు ఇది. జయపురం, కోరాపుట్ వ్యాపారులు లారీ కావాలంటే విశాఖకు కాక సాలూరుకే ముందు ఫోన్ చేయడం వెనక కిరాయి తర్కం ఉంది. సాలూరు బండి కొండ ఎక్కడానికి ఖాళీగా నడిచే దూరం తక్కువ.

కొండ దారికి ఉన్న ఇంకో భారం గంజాయి. కోరాపుట్, మల్కన్‌గిరి వైపు నుంచి దిగే వాహనాల మీద పోలీసు, ఎక్సైజు తనిఖీలు ఎక్కువ. సరుకు బస్తాల మధ్య గంజాయి పొట్లాలు దొరికిన కేసులు తరచూ వార్తల్లో వస్తూనే ఉంటాయి. అలా దొరికితే బండి జప్తు అవుతుంది, డ్రైవరు జైలుకు పోతాడు, నిజాయితీగా సరుకు పంపిన వ్యాపారి చింతపండు స్టేషను ఆవరణలో నెలల తరబడి పడి ఉంటుంది. తెలియని బండిని ఫోన్‌లో మాట్లాడి లోడు ఎక్కించేవాళ్లు కనీసం ఆర్సీ, లైసెన్సు ఫొటో తీసుకోవాలి, పట్టా కట్టేదాకా తమ మనిషిని అక్కడే ఉంచాలి. చాలామంది ఇది కూడా చేయరు.

కాగితాల గడియారం

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఒడిశా వైపు గిరిసోల, ఆంధ్ర వైపు పురుషోత్తపురం దగ్గర గంటల కొద్దీ బారులు తీరడం అంతకుముందు మామూలు దృశ్యం. పన్నుల కోసం ఆపడం పోయింది గానీ రవాణా శాఖ తనిఖీ పోలేదు. దారిలో అధికారిక టోలు బెల్లుపడ, లక్ష్మీపురం, మడపాం, నాతవలస వంటి ప్లాజాల్లో ఫాస్టాగ్ ద్వారా కట్ అవుతుంది. దానికి లెక్క ఉంటుంది. లెక్క లేని ‘మామూళ్లు’ కూడా కిరాయిలో ఎక్కడో ఒకచోట కలిసే ఉంటాయని రోడ్డు మీద బతికేవాళ్లందరికీ తెలుసు.

రాష్ట్రాల మధ్య 50,000 రూపాయలు దాటిన సరుకుకు 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు తప్పనిసరి. విడి కూరగాయలు లాంటి పన్ను లేని సరుకులకు చాలావాటికి అవసరం లేదు. 2021 జనవరి 1 నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు లేదా అందులో భాగానికి ఒక రోజు గడువు ఇస్తున్నారు. మన రెండు దారులూ 200 దాటినవే కాబట్టి 2 రోజులు వస్తుంది. ఇక్కడ రోజు అంటే బిల్లు తీసిన మర్నాటి అర్ధరాత్రితో ముగిసేది. సోమవారం ఉదయం లారీ నంబరు ఎక్కించి తీసిన బిల్లు బుధవారం అర్ధరాత్రి దాకా చెల్లుతుంది. మామూలుగా ఇది చాలా ఎక్కువ. చిక్కల్లా బండి చెడిపోయినప్పుడు, లేదా దించడానికి హమాలీలు దొరక్క ఊరి బయట ఆగిపోయినప్పుడు వస్తుంది. గడువు ముగియడానికి ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలు పొడిగించుకునే వీలుంది. ఇది ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఎవరో ఒకరు మెలకువగా ఉండి చేయాల్సిన పని. డ్రైవరు మీద వదిలేస్తే జరగదు.

బండి మారితే ఈ-వే బిల్లులో బండి వివరాలు ఉండే పార్ట్-బిలో కొత్త నంబరు ఎక్కించాలి. సాలూరులో లారీ చెడిపోయి సరుకు వేరే బండికి మార్చినప్పుడు ఎక్కువమంది మరిచేది ఇదే. ఈ-వే బిల్లు లేకుండా పట్టుబడితే, యజమాని ముందుకొచ్చినా పన్నుకు రెట్టింపు పెనాల్టీ కట్టాలి. 18 శాతం పన్ను సరుకు 5 లక్షలది అయితే పన్ను 90,000, పెనాల్టీ 1,80,000. లారీ నంబరులో ఒకటి రెండు అంకెలు తప్పు పడడం లాంటి చిన్న పొరపాట్లకు మాత్రం 2018 సెప్టెంబరు సర్క్యులరు ప్రకారం మొత్తం 1,000 రూపాయలే. అధికారి అంతకంటే ఎక్కువ మాట్లాడితే ఆ సర్క్యులరు సంగతి గుర్తుచేయడం వ్యాపారి హక్కు.

బరువు దగ్గర ఆశ ఎక్కువ. 2018లో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచింది. సరుకుతో కలిపి ఆరు టైర్ల లారీ 16.2 టన్నుల నుంచి 18.5కి, పది టైర్ల లారీ 25 నుంచి 28.5 టన్నులకు వెళ్లాయి. అయినా ఇంకో రెండు టన్నులు వేయమనే వ్యాపారి, సరే అనే డ్రైవరు ఇప్పటికీ ఉన్నారు. 2019 సవరణ తర్వాత చట్టంలో ఓవర్‌లోడు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. అదనపు సరుకు అక్కడే దించేయాలి కూడా. టన్నుకు 1,000, 1,500 కిరాయి మిగుల్చుకోవడానికి ఈ ప్రమాదం ఎందుకో లెక్కకు అందదు. ఎక్కించే ముందు, ఎక్కించాక రెండు కాటా చీటీలు తీసుకుంటే దారిలో ‘బరువు ఎక్కువుంది’ అన్న బెదిరింపు దగ్గర నోరు పెగులుతుంది.

చిన్న మూట, పెద్ద నష్టం

పూర్తి లారీ నింపలేని వ్యాపారులే ఈ జిల్లాల్లో ఎక్కువ. వాళ్లు పార్ట్ లోడుకో, రాత్రి బయల్దేరే పార్సిలు లారీలకో ఇస్తారు. బరంపురం అప్పడాలు, చీపుర్లు, కొబ్బరి పీచు తాళ్లు లాంటివి బరువు తక్కువ, జాగా ఎక్కువ తింటాయి. ట్రాన్స్‌పోర్టువాళ్లు వీటికి కిలోల లెక్క మానేసి సైజు లెక్క కడతారు. పంపేవాడు కాటా చీటీ పట్టుకుని వాదించడంలో అర్థం లేదు. మూటలు గట్టిగా నొక్కి కట్టించుకోవడం ఒక్కటే దారి.

బరంపురం పట్టు చీరల విషయంలో అసలు గొయ్యి ఇంకోచోట ఉంది. 2007 రోడ్డు రవాణా చట్టం, దాని కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, సరుకు పోయినా పాడైనా ట్రాన్స్‌పోర్టు సంస్థ బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్లు. అంతకు మించి కావాలంటే బుక్ చేసేటప్పుడే సరుకు విలువ రాసిచ్చి, ఎక్కువ రిస్కు రేటు కట్టాలి. ఒక మూటలో 4 లక్షల చీరలు, కిరాయి 1,200 రూపాయలు. మూట తడిసిపోతే చట్టం ప్రకారం వచ్చేది 12,000. ఎల్.ఆర్. (ట్రాన్స్‌పోర్టువాళ్లిచ్చే లారీ రసీదు) వెనక చిన్న అక్షరాల్లో ఇది ఉంటుంది, ఎవరూ చదవరు. చాలా బుకింగ్ ఆఫీసుల్లో ఎక్కువ రేటు కట్టే సంగతి అడిగితే తప్ప చెప్పరు. ఏడాది పొడుగునా చీరలు పంపేవాళ్లకు సొంతంగా మెరైన్ ట్రాన్సిట్ బీమా పాలసీ తీసుకోవడం మేలు. పేరులో సముద్రం ఉన్నా అది లారీ ప్రయాణానికీ వర్తిస్తుంది. ఇంకో ముఖ్యమైన గడువు కూడా ఉంది. నష్టం జరిగితే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల లోపు ట్రాన్స్‌పోర్టు సంస్థకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. లేకపోతే కోర్టులో దావా నిలబడదు. ‘చూద్దాం సార్, సెటిల్ చేస్తాం’ అని ఆరు నెలలు తిప్పించుకోవడం ఎందుకు జరుగుతుందో ఇప్పుడు అర్థం కావాలి.

లారీ యజమాని నేరుగా, ఎల్.ఆర్. ఇవ్వకుండా సరుకు తీసుకెళ్తే దాని మీద జీఎస్టీ పడదు. ఏజెన్సీ ఎల్.ఆర్. ఇస్తే రిజిస్టర్డ్ వ్యాపారి మామూలుగా 5 శాతం రివర్స్ చార్జి కింద తానే కట్టాలి. ఆ 5 శాతం కోసం ఎల్.ఆర్. వదులుకుంటే సరుకు పోయిన రోజున చేతిలో కాగితం ఉండదు. అది మంచి బేరం కాదు, పైగా కట్టిన పన్నును ఇన్‌పుట్ కింద తిరిగి తీసుకునే వీలు చాలామందికి ఉంటుంది.

డబ్బు చేతులు మారే పద్ధతి కూడా రేటులో భాగమే. ఎక్కించేటప్పుడు కిరాయిలో ఎక్కువ భాగం అడ్వాన్సు, సంతకం పెట్టిన ఎల్.ఆర్. కాపీ తిరిగొచ్చాక బ్యాలెన్సు. ఆ బ్యాలెన్సు వారంలో వస్తే ఒక రేటు, నలభై రోజులకు వస్తుందని పేరు పడ్డ పార్టీకి ఇంకో రేటు. సరుకు దించడానికి రెండు రోజులు ఆపి హాల్టింగ్ (బండి ఆపినందుకు ఇచ్చే డబ్బు) ఇవ్వనివాళ్ల పేర్లు డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటాయి. అన్‌లోడింగ్ హమాలీ ఎవరిది, హాల్టింగ్ రోజుకు ఎంత అన్న రెండు మాటలు లోడు ఎక్కించే ముందే మెసేజ్ రూపంలో ఉంటే సగం గొడవలు పుట్టవు.

కొత్త రోడ్డు వస్తే

రాయపూర్–విశాఖ మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి నిర్మిస్తున్నారు. అందులో సుమారు 240 కిలోమీటర్లు ఒడిశాలో, 100 కిలోమీటర్లు ఆంధ్రలో. సబ్బవరం దగ్గర ముగుస్తుంది. కొండను సొరంగాలతో దాటే ఈ రోడ్డు వస్తే జయపురం, నబరంగపూర్ వైపు కిరాయిలు పడిపోతాయని ఆశ ఉంది. పడడం ఖాయమే గానీ రెండు దిశల్లోనూ ఒకేలా పడవు. రాయపూర్ నుంచి పోర్టుకు సరుకు తెచ్చి తిరిగి వెళ్లే భారీ బండ్లు దారిలో నబరంగపూర్‌కు, కోరాపుట్‌కు చవగ్గా సరుకు దించి పోగలవు. విశాఖ నుంచి తెప్పించుకునేవాళ్లకు అది లాభం. మొక్కజొన్న, చింతపండు పంపే సీజనులో మాత్రం ఆ బండ్లు రాయపూర్‌లోనే నిండి వస్తాయి, మధ్యలో జాగా ఉండదు. అప్పుడు కొండ ఊళ్ల వ్యాపారి మళ్లీ సాలూరుకే ఫోన్ చేయాలి.

సాలూరుకు ఇది అంత తేలికైన సంగతి కాదు. కొత్త రోడ్డు మీద ఎక్కడ పడితే అక్కడ ఎక్కి దిగే వీలు ఉండదు కాబట్టి దారిలో ఆగి టైరు మార్చుకునే, భోంచేసే, బ్రేకులు చూపించుకునే బండ్లు తగ్గుతాయి. ఘాట్ మలుపుల్లో పది టైర్ల లారీకి ఉన్న అనుకూలత ఆరు వరుసల రోడ్డు మీద పనికిరాదు. అక్కడ టన్ను ఖర్చు తక్కువ పడే పద్నాలుగు, పదహారు టైర్ల బండ్లదే పైచేయి. ఐదేళ్ల వాయిదాల మీద ఇప్పుడు కొత్త పది టైర్ల బండి తీసుకునే యజమాని, చివరి వాయిదాలు కట్టే నాటికి ఏ రోడ్డు మీద ఎవరితో పోటీ పడతాడో ముందే లెక్క వేసుకోవాలి. బండి కొనక తప్పదనుకుంటే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ లాంటి పక్కదారుల్లో చిన్న లోడ్లకు దాన్ని తిప్పగలడా అన్నది ఫైనాన్సు కాగితాల మీద సంతకం పెట్టకముందే చూసుకోవాలి.